తల మెరకకి, కాళ్లు పల్లానికి: టెస్లా మోడల్ వైలో పడక

"ఏరా, బండి ఆన్‌లో పెట్టి అద్దాలెత్తుకుని పనుకుంటే పొద్దున్నే లేస్తామా?"

కారులో క్యాంపింగ్‌కి పోదామంటే మా నాన్న వేసిన మొదటి ప్రశ్న ఇది. ఆయన మార్కాపురం డిపోలో ముప్ఫై ఏళ్లకు పైగా బస్సు తోలాడు. వాటిలో లెక్కలేనన్ని రాత్రులు నైట్ హాల్టులే. నల్లమల అంచు ఊళ్లలో వేపచెట్టు కింద బస్సు ఆపేసి, వెనకాల పొడుగు సీటు మీద ఆయన, ముందువైపు కండక్టరు పడుకునేవాళ్లు. ఎండాకాలమైతే ఇద్దరూ నిచ్చెనెక్కి టాపు మీదే. బండిలో పడుకోవడం గురించి ఆయనకు తెలిసినంత నేను చదివిన, చూసిన ఏ రివ్యూవాళ్లకీ తెలియదు. అందుకే ఈ రివ్యూలో సగం తీర్పు ఆయనది.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. పెట్రోలు, డీజిలు బండ్లలో ఏసీ కోసం ఇంజను తిప్పుతూ నిద్రపోతే పొగ లోపలికి చేరొచ్చు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషికి ఏం జరుగుతుందో తెలిసేలోపే అయిపోతుంది. కరెంటు బండిలో కాలేది ఏమీ లేదు కాబట్టి పొగా లేదు. ఇదంతా నోటితో చెబితే నాన్న నమ్మలేదు. బండి వెనక్కి తీసుకెళ్లాను. మోకాళ్ల మీద వంగి, అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసి, "గొట్టమే లేదు" అన్నాడు. ఆ తర్వాత ఇక అడగలేదు.

నా బండి టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్, 2022లో కొన్నది. సొంత డబ్బు, సొంత అప్పు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఏడాదిన్నరలో ఈ కారులో పద్నాలుగు రాత్రులు పడుకున్నాను. కొన్ని ఒంటరిగా, కొన్ని మా ఆవిడతో, ఒకటి పాపని కూడా ఇరికించి (మళ్లీ చేయను), చివరి రెండు నాన్నతో పాలో డ్యూరో క్యాన్యన్‌లో. ఆ రెండు రాత్రుల గురించే ఎక్కువ రాస్తాను. ఏం తప్పు చేస్తున్నానో నాకు తెలిసింది అప్పుడే.

ముందు క్యాంప్ మోడ్ సంగతి. బండిని పార్క్ గేరులో పెట్టి, స్క్రీను మీద ఫ్యాను గుర్తు నొక్కితే క్లైమేట్ పేజీ వస్తుంది. అందులో కీప్, డాగ్, క్యాంప్ అని మూడు ఉంటాయి. క్యాంప్ నొక్కితే మనం పెట్టిన ఉష్ణోగ్రత రాత్రంతా నిలుస్తుంది, గాలి ఆడుతూనే ఉంటుంది, ఫోన్ ఛార్జింగ్ పోర్టులు పనిచేస్తాయి, పాటలు పెట్టుకోవచ్చు. స్క్రీను మీద చలిమంట బొమ్మ కదులుతూ ఉంటుంది. నాన్న కాసేపు దానికేసి చూసి "వేడి లేని మంట ఎందుకు, ఆపెయ్" అన్నాడు. నిజానికి ఆపాల్సిందే. పదిహేను అంగుళాల స్క్రీను మొహం మీద వెలుగుతుంటే ఎవరికీ నిద్ర పట్టదు. మీరు స్క్రీనుని చీకటి చేసుకుంటారో, మేము చేసినట్టు తువ్వాలు కప్పుతారో మీ ఇష్టం.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. క్యాంప్ మోడ్‌లో ఉన్నంతసేపూ సెంట్రీ మోడ్ (బయట ఎవరైనా దగ్గరికొస్తే కెమెరాలతో కనిపెట్టే కాపలా), దొంగల అలారం రెండూ పనిచేయవు. లోపల మనుషులు కదులుతుంటారు కాబట్టి అలా పెట్టారు, సబబే. కానీ తలుపులు లాక్ అయ్యాయా లేదా అన్నది నిద్రపోయేముందు మనమే ఒకసారి చూసుకోవాలి. బ్యాటరీ 20 శాతం కంటే తక్కువ ఉంటే ఈ మోడ్ వాడొద్దని మాన్యువల్లోనే ఉంది. అంటే రాత్రి పడుకునేటప్పటికి కనీసం 40 ఉండేలా చూసుకోండి. పొద్దున్నే ఛార్జర్ దాకా వెళ్లాలి కదా.

మొదటి ప్రయోగం మా ఇంటి ముందే చేశాను. జూలై, రాత్రి పదకొండింటికి బయట 84 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 29. ఇంట్లో మంచం ఉండగా డ్రైవ్‌వేలో కారులో పడుకుంటున్నానని మా ఆవిడ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. "గొడవపడ్డారా?" అని మా అత్తయ్య వెంటనే ఫోన్ చేశారు. లోపల 70లో పెట్టుకుని తొమ్మిది గంటలు ఉన్నాను. 11 శాతం బ్యాటరీ అయింది. చల్లదనానికి వంక పెట్టడానికేం లేదు. నిద్ర మాత్రం దారుణం. కారణం కారు కాదు, పరుపు.

ఆ పరుపు గురించి ఆవేశంగానే రాస్తాను. ఆన్‌లైన్‌లో "మీ కారుకి సరిగ్గా సరిపోయేది" అని అమ్మే గాలి పరుపు. పేరు చెప్పను, అలాంటివి పది కంపెనీలవి ఉన్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టే ఉంటాయి. దానితోపాటు వచ్చిన పంపు పిండిమరలా అరుస్తుంది. పదకొండింటికి గాలి నింపితే మా వీధిలో రెండిళ్లలో లైట్లు వెలిగాయి. తెల్లవారుజామున మూడింటికి నడుము కింద గట్టిగా ఏదో తగిలి మెలకువ వచ్చింది. అది కారు అడుగు. గాలి సగం పోయింది. మళ్లీ ఆ పంపు ఆన్ చేసే ధైర్యం లేక పొద్దున్నదాకా అలాగే పడి ఉన్నాను. ఇద్దరు పడుకుంటే ఇంకో బాధ: ఒకరు పక్కకి తిరిగితే రెండోవాళ్లు పడవలో ఉన్నట్టు ఊగుతారు. రెండోసారి వాడినప్పుడు అతుకు దగ్గర చీలింది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే అతుకేసుకోవడానికి ఒక స్టిక్కరు పంపారు.

తర్వాత మూడు మడతల ఫోమ్ పరుపు కొన్నాను. దానికి గాలి నింపే పనే లేదు. మడిచి డిక్కీలో పెట్టుకోవచ్చు, చోటు మాత్రం బాగా తింటుంది. కొన్నప్పుడు మెత్తగా, మొదటి నెలలో అద్భుతం అనిపించింది. మెమరీ ఫోమ్ చలికి బిగుసుకుంటుందని నాకు అప్పటికి తెలియదు. నవంబరులో చల్లబడిన కారులో పరిస్తే చెక్కబల్ల పరిచినట్టే. కారుని ఓ అరగంట ముందుగా వేడి చేస్తే మెత్తబడుతుంది. అది ఫోన్‌లోంచే చేయొచ్చు, బాగుంది. కానీ పరుపు మడిచే ఉంటే ఆ వేడి లోపలి పొరలకి చేరదు. ముందే పరిచి ఉంచాలి.

నాన్న ఆరు నెలల వీసా మీద వచ్చాడు. రెండో నెలకే ఇంట్లో ఉండలేక, రోజూ పాపని బస్‌స్టాపులో దించి ఆ పసుపు స్కూల్ బస్సు డ్రైవరుకి చెయ్యెత్తి సలాం కొట్టి వచ్చేవాడు. ఈయన్ని ఎటైనా తీసుకుపోదామని పాలో డ్యూరో బుక్ చేశాను. అమరిల్లోకి దక్షిణాన ఉంటుంది. చుట్టూ బల్లపరుపు నేల, ఉన్నట్టుండి కాళ్ల ముందు భూమి చీలి ఎర్రటి లోయ. సుమారు 120 మైళ్ల పొడవు, 800 అడుగుల దాకా లోతు. "టెక్సస్ గ్రాండ్ క్యాన్యన్" అంటారు ఇక్కడ. 1934లో పార్కుగా తెరిచారు. మా ఇంటి నుంచి 350 మైళ్ల పైచిలుకు.

287 హైవే మీద విచిటా ఫాల్స్‌లో ఒకసారి, మధ్యలో ఇంకోసారి, అమరిల్లోలో చివరిసారి ఛార్జింగ్ పెట్టాం. ఛార్జింగ్ అయ్యేంతసేపూ నాన్న బండి దిగి టైర్లు తట్టి చూసేవాడు. "డీజిల్ కొట్టించడానికి ఇరవై నిమిషాలా?" అని విసుక్కుని, "టీ తాగడానికి సరిగ్గా సరిపోయింది" అని సర్దుకున్నాడు. ఒక మాట ఇక్కడే చెప్పాలి: సూపర్‌ఛార్జర్ (టెస్లావాళ్ల ఫాస్ట్ ఛార్జర్) దగ్గర ప్లగ్గు పెట్టేసి నిద్రపోదామనే ఆలోచన వద్దు. ఛార్జింగ్ పూర్తయ్యాక కదలకపోతే, రద్దీ ఉన్నప్పుడు నిమిషాల లెక్కన డబ్బులు పడతాయి. పడుకోవాలంటే హైవే రెస్ట్ ఏరియాలో ఆపుకోండి. టెక్సస్‌లో 24 గంటలదాకా ఉండొచ్చు, డేరా మాత్రం వేయకూడదు. కారులో పడుకునేవాడికి డేరాతో పనేముంది!

పార్కు గేటు దాటాక రోడ్డు నిట్టనిలువుగా దిగుతుంది, 10 శాతం వాలు అని బోర్డు ఉంటుంది. బ్రేకు మీద కాలు పెట్టకుండా యాక్సిలరేటరు వదిలేసి దిగాను. బండి దానంతట అదే ఆగుతూ, కరెంటు వెనక్కి నింపుకుంటూ దిగింది. నాన్న కాళ్లు మాత్రం అడుగునున్న లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నాయి. "ఘాట్‌లో ఎన్ని బ్రేకు లైనింగులు అరిగిపోయాయో మాకు" అన్నాడు దిగాక. దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది.

మేం చేరేసరికి బ్యాటరీ 78. మాకు క్యాంపింగ్‌కి ఇచ్చిన సైటులో కరెంటు, నీళ్ల కొళాయి ఉన్నాయి. కరెంటు పెట్టె ఉన్నా, మొదటి రాత్రి కావాలనే ప్లగ్గు పెట్టలేదు. బ్యాటరీ మీదే ఎంత ఖర్చవుతుందో తెలియాలని.

పడక సిద్ధం చేయడం మొదలుపెట్టాను. వెనక సీట్లు మడిచి, ముందు సీట్లు పూర్తిగా ముందుకి జరిపి, ఆ మధ్యలో పడే గుంతలో రెండు సూట్‌కేసులు కుక్కి, పైన ఫోమ్ పరుపు. నేను 5 అడుగుల 9 అంగుళాలు, కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. వెనకాల చక్రాల గూళ్ల మధ్య వెడల్పు మూడడుగులకి కాస్త పైన. ఇద్దరు పెద్దవాళ్లు భుజాలు కలుపుకుని పడుకోవచ్చు, అంతకు మించి కుదరదు. పైన గాజు కప్పు, వెనక కూడా గాజే, అందుకని తలలు డిక్కీ వైపు పెట్టుకుందాం, నక్షత్రాలు కనబడతాయి అని నా ప్లాను. ఎప్పుడూ నేను అలాగే పడుకునేవాణ్ణి. వీడియోల్లో కూడా అందరూ అలాగే పడుకుంటారు.

నాన్న లోపలికి దూరి, నీళ్ల బాటిల్ మూత బిగించి పరుపు మీద అడ్డంగా పెట్టాడు. అది గబగబా దొర్లుకుంటూ పోయి డిక్కీ తలుపుకి కొట్టుకుంది.

"తల ఎటు పెడతావు?"

"ఇటు, డిక్కీ వైపు."

"తల పల్లానికి పెట్టుకుంటావా? పొద్దున్నే మొహం పూరీలాగా పొంగిద్ది."

అప్పుడు అర్థమైంది. ఈ కారులో మడిచిన సీట్ల వీపులు పూర్తిగా సమంగా పడవు, ముందువైపుకి కాస్త ఎత్తుగా ఉంటాయి. పైగా మేం నిలిపిన చోటు నేల కూడా వెనక్కి వాలుగా ఉంది. రెండు వాలులూ కలిశాయి. ఇంతకుముందు పన్నెండు రాత్రులు నేను లేచినప్పుడల్లా తలనొప్పి, ముక్కు దిబ్బడ. ఏసీ పొడిగాలి వల్ల అనుకుని, మందుల షాపులో ముక్కులో కొట్టుకునే స్ప్రే కొనుక్కున్నాను కూడా. కారణం తల కిందికి ఉండటం!

నైట్ హాల్టులో బస్సు ఆపడానికి నాన్నకో పద్ధతి ఉండేది. పొద్దున్నే సెల్ఫ్ అందకపోతే తోయకుండా స్టార్ట్ అయ్యేలా బస్సు ముక్కు పల్లానికి పెట్టేవాడు. వెనక సీటు మీద తల పెట్టుకునే వైపు చక్రం కూడా మెరక మీద ఉండేలా చూసుకునేవాడు. రెండు పనులూ ఒకేసారి. "సెల్ఫ్ సంగతి మీకు లేదు కానీ తల సంగతి మీకూ అదే కదా" అన్నాడు. బండి తిప్పించాడు. ముక్కు పల్లం వైపు, డిక్కీ మెరక వైపు. నేను స్టీరింగ్ దగ్గర, ఆయన బయట టార్చి పట్టుకుని డిపోలో చెప్పినట్టు "రైట్... రైట్... హోల్డాన్" అంటూ. పక్క సైటులో ఆర్వీ (పడక, వంటగది ఉండే ఇల్లులాంటి పెద్ద బండి) వాళ్లు కుర్చీలేసుకుని చూస్తున్నారు. నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పాక బాటిల్ ఎటూ కదలకుండా నిలబడింది. "ఇంకో అంగుళం" అన్నాడు. తల వైపు వేలెడు మెరక ఉండాలట.

ఆ రాత్రి నేను కారులో మొదటిసారి హాయిగా నిద్రపోయాను. దీనికి ఖర్చు సున్నా. కారు కొనేముందు, పరుపు కొనేముందు, అద్దాలకి తెరలు కొనేముందు ఒక నీళ్ల బాటిల్ కొనుక్కోండి.

ఫోమ్ కింద మరో పొరగా, మా అమ్మ కుట్టిన బొంత వేశాడు నాన్న. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టింది, సూట్‌కేసులో మూడు కిలోలు దానికే పోయాయని వచ్చినప్పుడు నేను గొణిగాను. సీట్లు మడిచినచోట అతుకు దగ్గర చిన్న మెట్టు తగులుతుంది, నడుముకి సరిగ్గా అక్కడే. బొంతని రెండు మడతలు పెట్టి ఆ మెట్టుకి ముందున్న పల్లంలో పరిస్తే సమం అయిపోయింది. దీనికోసమే కారుకి కొలిచి చేసిన ఫోమ్ ముక్కలు అమ్ముతారు, చూసి ఉన్నాను, ఖరీదెక్కువ. మీ ఇంట్లో బొంత ఉంటే చాలు.

గాలి గురించి. రెండు మనుషుల ఊపిరి రాత్రంతా ఆ డబ్బాలోనే తిరిగితే తేమ పేరుకుంటుంది. అద్దాలమీంచి నీళ్లు కారి పరుపు అంచు తడుస్తుంది. గాలి కూడా బరువెక్కుతుంది. క్లైమేట్ పేజీలో లోపలి గాలినే తిప్పే గుర్తు ఉంటుంది, అది ఆపేసి బయటి గాలి వచ్చేలా పెట్టుకోవాలి. నాన్న దానితో తృప్తిపడక వెనక కిటికీ వేలెడు దించాడు. నేను బ్యాటరీ పోతుందన్నాను. "పోనీ, ఊపిరి కంటే ఎక్కువా" అన్నాడు. దించే పడుకున్నాం. అద్దాలు పొద్దున పొడిగా ఉన్నాయి. రాత్రి బయట 36 డిగ్రీలు, మనకి 2. లోపల 68లో పెట్టాను. నాన్న మంకీ క్యాప్ తీయలేదు, స్వెటర్ తీయలేదు, "చలి లేదు కదా నాన్నా" అంటే "అలవాటు" అన్నాడు.

పది గంటలకి 13 శాతం అయింది, 78 నుంచి 65. నా బండి బ్యాటరీ 75 యూనిట్లకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, గంటకి సుమారు ఒక యూనిట్. మన ఇంట్లో కరెంటు బిల్లులో చూసే ఆ యూనిటే. అంటే రాత్రంతా వెచ్చగా పడుకున్నందుకు ముప్ఫై అయిదు మైళ్లు ప్రయాణం చేసినంత ఖర్చు. ఈ మోడల్‌లో హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే ఏర్పాటు) ఉండటం వల్ల చలిలో కూడా ఇంత తక్కువలో అయింది. పాత పద్ధతి హీటరు ఉన్న కార్లలో అయితే ఇంకా ఎక్కువ లాగుతుంది. నిండు చలికాలంలో, మంచులో ఎంతవుతుందో నేను చూడలేదు, ఆ పని మీరు చేసి చెప్పండి.

రాత్రి రెండింటికి నాన్న లేచాడు. ఇక్కడ కారులో పడుకోవడంలో ఉన్న అసలు తంటా. తలుపు తీయగానే లోపలి లైట్లు, స్క్రీను అన్నీ పెళ్లిపందిరిలా వెలుగుతాయి. నిద్రలో ఉన్నవాడి నిద్ర ఎగిరిపోతుంది. లైట్లని స్క్రీనులో ముందే ఆఫ్ చేసి పెట్టుకోండి. బాత్రూం రెండువందల గజాల దూరం, ఆ చలిలో. తిరిగొచ్చి తలుపు తెరవడం తెలియక అద్దం మీద చిన్నగా తట్టాడు. నాలుగుసార్లు తట్టాక లేచానట. పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు బయటి పిడి ఎలా నొక్కాలో, లోపల బటన్ ఎక్కడుందో పగలే రెండుసార్లు చేయించండి. ఫోనే తాళంచెవి కాబట్టి వాళ్లకొక కార్డు తాళం ఇచ్చి జేబులో వేయండి.

ఇంకో ముఖ్యమైన విషయం. కరెంటు పూర్తిగా పోయినప్పుడు తలుపు తీయడానికి ముందు తలుపులకి కిటికీ బటన్ల దగ్గర ఒక చిన్న మీట ఉంటుంది. వెనక తలుపులకి అలాంటిది అన్ని మోడల్ వై బండ్లకీ లేదు. మనం పడుకునేది వెనకాల. కాబట్టి ముందు మీట ఎక్కడుందో కళ్లు మూసుకుని తడిమి పట్టుకునేలా ఉండాలి. నాన్నకి ఇది చెప్పగానే మొదటి రోజే మూడుసార్లు చేసి చూశాడు. "ఎమర్జెన్సీ డోర్ తెలియకుండా బస్సు ఎక్కించకూడదు" అని నాకు క్లాసు కూడా పీకాడు.

రెండో రాత్రి ప్లగ్గు పెట్టాం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి మనవాళ్లు చాలామందికి ఇది తెలియదు. ఆర్వీ సైటుల్లో కరెంటు పెట్టెలో 50 ఆంపుల సాకెట్టు ఉంటుంది, చాలామంది ఇంట్లో గ్యారేజీలో పెట్టించుకునే 14-50 సాకెట్టే అది. టెస్లా మొబైల్ కనెక్టరుకి (వెంట తీసుకెళ్లే ఛార్జింగ్ కేబులుకి) ఆ రకం పిన్ను తగిలిస్తే 240 వోల్టుల మీద 32 ఆంపులు లాగుతుంది. గంటకి దాదాపు 30 మైళ్లు ఎక్కుతాయి. రాత్రి క్యాంప్ మోడ్ తినేదంతా పోను, పొద్దున్నకి 90 శాతం చూపించింది. ఆ పెట్టెలో ముందు బ్రేకరు ఆపేసి, పిన్ను పెట్టి, ఆ తర్వాతే బ్రేకరు వేయాలి. తీసేటప్పుడూ అంతే: ముందు కారులో ఛార్జింగ్ ఆపి, బ్రేకరు ఆపి, అప్పుడు పీకాలి. కొన్ని పార్కుల్లో 30 ఆంపుల సాకెట్టే ఉంటుంది, అది వేరే ఆకారం, 120 వోల్టులు. దానికి వేరే అడాప్టరు కావాలి. స్పీడు తక్కువ, కానీ ఒక రాత్రికి ఏసీ ఖర్చు పోను ఇంకా మిగులుతుంది. బుక్ చేసేముందు సైటు వివరాల్లో ఎన్ని ఆంపులో చదవండి.

వంట ఎలా అంటారా? ఈ కారులోంచి పెద్ద కరెంటు బయటికి తీయడానికి లేదు. 12 వోల్టుల సాకెట్టు మీద ఫోను, చిన్న ఫ్యాను లాంటివి నడుస్తాయి, పెద్దవి కాదు, రైస్ కుక్కర్ ఊసే ఎత్తకండి. హ్యుందాయ్ అయోనిక్ 5, కియా ఈవీ6, ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ లాంటి వాటిలో కారు నుంచే ఇంటి సాకెట్టులాగా కరెంటు తీయొచ్చు. మన దగ్గర టాటా నెక్సాన్ ఈవీలో 2023 నుంచి ఈ సౌకర్యం ఉంది. క్యాంపింగ్ కోసమే కారు కొనేవాళ్లకి నేనైతే ఇది చూసుకోమంటాను. మాకు సైటు పెట్టెలోనే మామూలు సాకెట్టు ఉంది కాబట్టి ఇండక్షన్ పొయ్యి పెట్టి పొంగలి వండాం. నాన్న పోపు వేస్తుంటే పక్క ఆర్వీ ఆయన నడుచుకుంటూ వచ్చి "అదేమిటి వాసన" అని అడిగి, ఒక గిన్నె తీసుకెళ్లాడు. అయితే కారులో కూర్చుని మాత్రం తినకండి. మొదటి రాత్రి చలికి బద్ధకించి లోపలే పులిహోర తిన్నాం. ఇంగువ వాసన గాజు కప్పు కింద తెల్లవార్లూ తిరిగింది. ఇప్పటికీ ఏసీ వేస్తే మా ఆవిడకి వస్తోందంటుంది, నాకైతే రావడం లేదు.

అద్దాలకి తెరలు తప్పనిసరి. పడుకునేవాడికి బయటివాళ్లు చూస్తున్నారనే ఇబ్బంది ఒకటి, పొద్దున ఆరున్నరకే మొహం మీద ఎండ రెండు. గాజు కప్పుకి కూడా కావాలి. నేను కొన్నవి కారుకి కొలిచి కత్తిరించినవి, పక్క అద్దాలకి చక్కగా కూర్చున్నాయి. కప్పుకి పెట్టేది మాత్రం క్లిప్పులు ఊడి రెండుసార్లు నాన్న మీద పడింది. ఆయన నిద్రలోనే దాన్ని దుప్పటిలా లాక్కుని కప్పుకున్నాడు.

హైదరాబాదులో ఉండే మిత్రుడొకడు ఇదంతా విని, లంబసింగికి మన చిన్న ఈవీలో ఇలా పోవచ్చా అని అడిగాడు. లెక్క అదే. గంటకి ఒక యూనిట్ చొప్పున రాత్రికి పది యూనిట్లు అనుకుంటే, 38 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎంజీ విండ్సర్ లాంటి దానిలో పావు వంతు పైనే పోతుంది. ఘాట్ ఎక్కడానికి అయ్యేది ముందే తీసేసి చూసుకోవాలి. దిగేటప్పుడు కొంత వెనక్కి వస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని బయలుదేరొద్దు. పొద్దున్నే అందేంత దూరంలో ఛార్జర్ ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే ఆ టెన్షన్‌తో నిద్రే పట్టదు. చలి కాలంలో కొండ మీద ఏసీ అవసరం లేదు. మంచి బొంత ఉంటే హీటరు కూడా గంటకొకసారి వేసుకుంటే చాలు.

మార్కులు అడిగితే: కారులో గాలి, వెచ్చదనం, చల్లదనం, అయిదుకి అయిదు. చప్పుడు లేకపోవడం, నాలుగున్నర. ఫ్యాను చిన్నగా వినిపిస్తూ ఉంటుంది, నాన్న గురకలో అది కలిసిపోయింది. పడక, ఖాళీగా వదిలేస్తే రెండు, బొంత వేసి బాటిల్ పెట్టి సరిచేసుకుంటే నాలుగు. గాలి పరుపుకి సున్నా. ఫోమ్ పరుపుకి ఎండాకాలం నాలుగు, చలికాలం రెండున్నర. నాన్నని మార్కులు వేయమంటే, "టాపు మీద గాలి దీనికి రాదు. దోమల్లేవు, అది మాత్రం బాగుంది" అన్నాడు. ఇద్దరు మించి ఉన్న కుటుంబానికి ఇది కుదరదు. పాపతో ముగ్గురం పడుకున్న రాత్రి తెల్లవారుజామున నేను డ్రైవర్ సీట్లోకి మారిపోయాను. పిల్లలుంటే డేరా కూడా తీసుకెళ్లండి, ఎవరో ఒకరు దానిలోకి వెళ్తారు.

తిరిగొచ్చేటప్పుడు అమరిల్లో పక్కన క్యాడిలాక్ రాంచ్ దగ్గర ఆగాం. 1974లో పది పాత క్యాడిలాక్ కార్లని పొలంలో ముక్కు కిందికి పెట్టి పాతిపెట్టారు, తోకలు ఆకాశంలోకి. వచ్చినవాళ్లంతా వాటి మీద రంగులు కొడుతుంటారు. నాన్న ఒక్కో కారు దగ్గరా ఆగి, చుట్టూ తిరిగి, వంగి, వెనక సీటు ఉండాల్సిన చోటులోకి తొంగి చూశాడు. ఏం వెతుకుతున్నావని అడిగాను.

"దీంట్లో పనుకోవాలంటే తల ఎటు పెట్టాలా అని చూస్తున్నా" అన్నాడు. "డిక్కీ వైపేరా. అటే మెరక."